దివ్యాంగ విద్యార్థికి కాలేజీ దారి: సదరం నుంచి పరీక్ష హాలు దాకా

నాలుగేళ్ల కిందట విజయనగరంలోని ఒక కాలేజీలో చూసిన సంగతి ఇది. చక్రాల కుర్చీలో వచ్చే ఒక డిగ్రీ కుర్రాణ్ని ముగ్గురు స్నేహితులు రోజూ కుర్చీతో సహా ఎత్తి మొదటి అంతస్తులోని తరగతికి చేర్చేవారు. చూసినవారందరూ మెచ్చుకునేవారు. ఒక అధ్యాపకుడు ఫొటో కూడా తీశాడు. నాలుగో వారంలో ఆ ముగ్గురిలో ఒకరికి జ్వరం వచ్చింది, ఇంకొకరు అక్క పెళ్లికి ఊరు వెళ్లారు. ఆ కుర్రాడు రెండు రోజులు మెట్ల కింద సైకిళ్ల పక్కన కూర్చుని, సాయంత్రం అలాగే ఇంటికి వెళ్లిపోయాడు. అదే భవనంలో కింది అంతస్తున రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. తరగతిని కిందికి మార్చమని ఎవరూ అడగలేదు కనుక ఎవరూ మార్చలేదు. ఒక అర్జీ రాసి ఇస్తే మూడో రోజుకల్లా మార్చారు.

మన ఉత్తరాంధ్రలో చేయి అందించే మనుషులకు కొదవ లేదు. అయితే చేయి అందించేవారికి జ్వరాలు వస్తాయి, ఇంట్లో పెళ్లిళ్లు జరుగుతాయి, ఒక్కోసారి విసుగూ పుడుతుంది. అందుకే నేను ఏ విద్యార్థి వచ్చినా మొదట అడిగే ప్రశ్న ఒకటే: రాసి ఇచ్చావా? శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, పదేళ్లుగా దివ్యాంగ విద్యార్థుల కాగితాలు చూసే పనినీ మోస్తున్నాను. చిన్నప్పుడు నా కుడి కాలికి పోలియో వచ్చింది కనుక ఆ పని నాకు అప్పగించారు. నియమాలు తెలుసా అని మాత్రం ఎవరూ అడగలేదు. పిల్లల వెంట తిరుగుతూ నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా పేర్ల గొడవ

ఒకే సంగతికి దరఖాస్తుల్లో నాలుగు పేర్లు కనిపిస్తాయి. ప్రవేశాల పత్రాల్లో పీహెచ్ అంటారు. కేంద్ర ప్రభుత్వ పత్రాల్లో పీడబ్ల్యూడీ లేదా పీడబ్ల్యూబీడీ అని ఉంటుంది. వార్తల్లో దివ్యాంగులు, మన రాష్ట్ర శాఖ బోర్డు మీద విభిన్న ప్రతిభావంతులు. ఆ పేరు మీకు నచ్చినా నచ్చకపోయినా గడి కనిపించినప్పుడు టిక్కు పెట్టండి. నలుగురికీ తెలుస్తుందేమోనన్న మొహమాటంతో ఆ గడిని ఖాళీగా వదిలి, ఆనక సీటు దొరక్క బాధపడినవారిని చూశాను.

వీటన్నిటికీ ఆధారం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. అంతకు ముందు 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించేది. ఇప్పుడు 21 రకాలు. చూపు, వినికిడి, కాళ్లు చేతులు, మానసిక అనారోగ్యానికి సంబంధించినవే కాక ఆటిజం, డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, కండరాల క్షీణత, రక్తానికి సంబంధించిన తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా జాబితాలోకి వచ్చాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు నుంచి చదువుకు వచ్చే గిరిజన విద్యార్థులు ఈ చివరి పేరును ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. తరచూ నొప్పులతో మంచాన పడే పిల్లవాణ్ని బద్ధకస్తుడని అనుకుంటారే గానీ, అది చట్టం గుర్తించిన వైకల్యమని అధ్యాపకుల్లోనే చాలామందికి తెలియదు.

ఉద్దానం నుంచి వచ్చే తల్లిదండ్రులు కిడ్నీ జబ్బు గురించి అడుగుతుంటారు. ఆ 21 రకాల్లో కిడ్నీ జబ్బు లేదు. కాబట్టి రిజర్వేషన్ దారి మూసుకున్నట్టే. హాజరు సడలింపును మాత్రం వైద్య కారణం మీద అడగవచ్చు. ఆ సంగతి కింద చెబుతాను.

మొదటి అడుగు: సదరం, స్వావలంబన్ కార్డు

సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, లేకుండా ఏ తలుపూ తెరుచుకోదు. గ్రామ, వార్డు సచివాలయంలో ఆధార్ చూపించి స్లాటు బుక్ చేయించుకోవాలి. ఇచ్చిన తేదీన ఆసుపత్రిలో వైద్యులు పరీక్షించి వైకల్య శాతాన్ని నిర్ణయిస్తారు. ఇంటర్ రెండో ఏడాదిలోనే ఈ పని మొదలుపెట్టండి. స్లాటు దొరకడానికీ, సర్టిఫికెట్ చేతికి రావడానికీ మధ్య పట్టే కాలాన్ని కౌన్సెలింగ్ తేదీలు పట్టించుకోవు.

ఆసుపత్రికి పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, వినికిడి పరీక్ష కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు తీసుకువెళ్లండి. వాడే కళ్లజోడు, చెవి మిషను, కాలిపర్స్ కూడా వెంట ఉండాలి. ఒక చిన్న హెచ్చరిక. మన పిల్లలు వైద్యుల ముందు కూడా పౌరుషానికి పోతారు. మెట్లు ఎక్కగలవా అంటే ఎక్కగలను అంటారు. ఎంతసేపు పడుతుందో, ఎక్కాక ఎంత నొప్పో చెప్పరు. అడిగినదానికి జవాబు పూర్తిగా చెప్పండి.

సర్టిఫికెట్ రాగానే మూడు విషయాలు సరిచూడండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తోనూ పదో తరగతి మెమోతోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. అప్పలనాయుడు ఒక చోట, అప్పల నాయుడు ఇంకో చోట ఉంటే కంప్యూటర్‌కు వాళ్లు ఇద్దరు మనుషులు. రెండోది, అది శాశ్వతమా తాత్కాలికమా చూసుకోండి. తాత్కాలికమైతే గడువు డిగ్రీ మధ్యలో ముగియవచ్చు. మూడోది శాతం. చట్టం ఇచ్చే రిజర్వేషన్, ఉపకార వేతనాల వంటివాటికి 40 శాతం లేదా అంతకు మించి ఉండాలి. పీడబ్ల్యూబీడీలోని బీ అక్షరానికి, అంటే బెంచ్‌మార్క్ అన్న మాటకు అర్థం ఇదే.

డిస్‌లెక్సియా వంటివి ఉన్నవారు బడిలో తీసుకున్న సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవద్దు. 18 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్ష చేయించి తీసుకున్నదే కాలేజీలో పనికి వస్తుంది.

దేశమంతా చెల్లే గుర్తింపు కోసం స్వావలంబన్ పోర్టల్ ద్వారా యూడీఐడీ కార్డు తీసుకోండి. 40 శాతం లోపు ఉంటే తెల్ల గీత, 40 నుంచి 80 లోపు ఉంటే పసుపు, 80, ఆపైన ఉంటే నీలం గీత ఉంటుంది. సదరం, యూడీఐడీ రెండూ స్కాన్ చేసి ఫోనులోనూ, మెయిల్లోనూ పెట్టుకోండి. జిరాక్సు షాపులో అసలు కాగితం మరిచిపోయి వచ్చిన పిల్లలు ఏడాదికి ఇద్దరైనా ఉంటారు.

రెండో అడుగు: సీటు, దానికన్నా ముందు కాలేజీ

చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కాలేజీల్లోనూ, ప్రభుత్వ సహాయం పొందే కాలేజీల్లోనూ 5 శాతానికి తగ్గకుండా సీట్లు 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి కేటాయించాలి. 60 సీట్ల కోర్సులో మూడు. గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. సహాయం పొందని ప్రైవేటు కాలేజీకి ఈ 5 శాతం నేరుగా వర్తించకపోయినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాన్ని అందుబాటులో ఉంచాలి, అవసరానికి తగిన ఏర్పాట్లు చేయాలి. మాది ప్రైవేటు, మాకు వర్తించదు అన్న మాట విని వెనక్కి రావద్దు.

డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లో జరుగుతాయి. పీహెచ్ గడి నింపి సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయకపోతే ఆ తర్వాత ప్రిన్సిపాల్ కూడా ఏమీ చేయలేరు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ప్రత్యేక కేటగిరీల సర్టిఫికెట్ల పరిశీలన తేదీలు వేరుగా ప్రకటిస్తారు. సాధారణ తేదీలు చూసి ఊరుకుంటే అవి దాటిపోతాయి.

ఆప్షన్లు పెట్టే ముందు ఒక పూట కాలేజీకి వెళ్లి చూసి రండి. ఇది ఎవరూ చేయని పని. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమైనా, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ అయినా, 1879 నాటి మహారాజా కళాశాల అయినా, మీ మండలంలోని డిగ్రీ కాలేజీ అయినా చూడవలసినవి అవే. బస్సు దిగిన చోటు నుంచి గేటు దాకా రోడ్డు ఎలా ఉంది? గేటు నుంచి తరగతి దాకా ఎన్ని మెట్లు? ప్రయోగశాల, గ్రంథాలయం, ఆఫీసు ఏ అంతస్తులో ఉన్నాయి? మరుగుదొడ్డి తలుపులోంచి కుర్చీ పడుతుందా? చేతిలో టేపు ఉంచుకోండి. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు ఉంటే మేలు.

ర్యాంపు గురించి ఒక మాట. చాలా చోట్ల స్కూటర్లు వరండాలోకి ఎక్కించడానికి పోసిన సిమెంటు వాలును చూపించి ఇదే మా ర్యాంపు అంటారు. ప్రమాణం ఒకటికి పన్నెండు. 15 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక్క మెట్టుకు 180 సెంటీమీటర్ల పొడవు వాలు కావాలి. మూడు మెట్లుంటే దాదాపు ఐదున్నర మీటర్లు. అంతకన్నా నిటారుగా ఉంటే ఎక్కేవారి చేతులు నొప్పెడతాయి, దిగేవారు బోర్లా పడతారు.

మూడో అడుగు: మొదటి వారంలోనే అర్జీ

తరగతులు మొదలైన వారంలోపు ప్రిన్సిపాల్ పేరున ఒక అర్జీ ఇవ్వండి. ఇబ్బంది వచ్చాక చూద్దాం అనుకుంటే, ఇబ్బంది వచ్చేది సరిగ్గా పరీక్షల ముందే. అర్జీలో జాలి మాటలు వద్దు. పేదవాణ్ని, మీరే దిక్కు అని రాసిన అర్జీలు నా దగ్గర కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిలో సగానికి అసలేం కావాలో అర్థం కాదు. ఏ వైకల్యం, దాని వల్ల ఏ పని కష్టం, ఏ ఏర్పాటు చేస్తే తీరుతుంది. ఈ మూడే ఉండాలి. నమూనా ఇది:

“ప్రిన్సిపాల్ గారికి, నేను బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని. నాకు 60 శాతం దృష్టి వైకల్యం ఉంది. సదరం, యూడీఐడీ ప్రతులు జత చేశాను. బోర్డు మీద రాసినవి మూడో వరుస నుంచి నాకు కనిపించవు. చిన్న అక్షరాల ప్రశ్నపత్రం చదవలేను. కాబట్టి దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 16, 17 సెక్షన్ల ప్రకారం ఈ ఏర్పాట్లు కోరుతున్నాను. ఒకటి, మొదటి వరుసలో స్థిరమైన చోటు. రెండు, బోర్డును ఫోనుతో ఫొటో తీసుకోవడానికి అనుమతి. మూడు, నోట్సు కంప్యూటర్ ఫైలు రూపంలో. నాలుగు, ఇంటర్నల్ పరీక్షలతో సహా అన్ని పరీక్షల్లో పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, అదనపు సమయం. వీటిపై మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయమని మనవి.”

రెండు ప్రతులు తీసుకువెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. గుమస్తా గారు ‘సార్‌తో చెబుతాలే, ఎందుకమ్మా ఇదంతా’ అంటారు. మంచివారే. అయినా ముద్ర వేయించుకోండి. ఒక అమ్మాయి, పరీక్షలో తాను చెబితే రాసిపెట్టే సహాయ లేఖకురాలి కోసం సెప్టెంబరులో నోటిమాటగా అడిగింది. అక్టోబరులో ఆ ప్రిన్సిపాల్ బదిలీ అయ్యారు. నవంబరులో పరీక్షల నాటికి ఆమె అడిగిన సంగతి ఆ కాలేజీలో ఎవరికీ గుర్తు లేదు.

నాలుగో అడుగు: తరగతి గది

చూపు తక్కువ ఉన్నవారికీ, పూర్తిగా లేనివారికీ నేటి కాలంలో పుస్తకం అందడం నా తరం కన్నా ఎంతో సులభం. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ ఉంటుంది, తెలుగు చదువుతుంది. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే తెర చదివే సాఫ్ట్‌వేర్ ఉచితం. గొంతు కొంచెం యంత్రంలా ఉంటుంది గానీ నెల రోజుల్లో చెవికి అలవాటవుతుంది. అచ్చు పుస్తకం పేజీని గూగుల్ లెన్స్‌తో ఫొటో తీస్తే తెలుగు అక్షరాలను కూడా పాఠంగా మారుస్తుంది. ఒత్తుల దగ్గర తడబడుతుంది, సరిచూసుకోవాలి. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది. అక్కడ చదివి వినిపించడానికి వీలైన పుస్తకాలు దొరుకుతాయి.

అసలు చిక్కు అధ్యాపకుల నోట్సు దగ్గర వస్తుంది. మనలో చాలామంది ఇప్పటికీ డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైపు చేయిస్తారు. కాగితం మీద అందంగానే ఉంటుంది. తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అందులో తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు, ఏవేవో ఇంగ్లీషు గుర్తులు చదువుతుంది. కాబట్టి యూనికోడ్‌లో ఉన్న ఫైలు కావాలని ప్రత్యేకంగా అడగండి. ఫోనులో మాట్లాడి టైపు చేసినది యూనికోడే కనుక, అలా చెప్పి పంపమన్నా చాలు. స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా బొమ్మే గానీ పాఠం కాదు. పుస్తకం మొత్తం ఇలా మార్చి ఇస్తే కాపీరైటు గొడవ రాదా అని ఒక సహోద్యోగి జంకాడు. 2012 సవరణ తర్వాత వైకల్యం ఉన్నవారి చదువు కోసం అందుబాటు రూపంలో ప్రతి తయారు చేయడం కాపీరైటు ఉల్లంఘన కాదు. ఈ ఒక్క వాక్యం చెబితే గ్రంథాలయాధికారి కూడా మెత్తబడతారు.

వినికిడి సమస్య ఉన్నవారి కష్టం కంటికి కనిపించదు. అందుకే అందరూ మరిచిపోతారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అధ్యాపకుడు వాళ్లకు పాఠం చెప్పనట్టే లెక్క. ఏ చెవి బాగా పనిచేస్తుందో దాన్ని బట్టి గదిలో కుడివైపో ఎడమవైపో చోటు అడగండి. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ వంటి యాప్ మాటలను తెలుగులో తెర మీద చూపిస్తుంది. ఫోను అధ్యాపకుడి బల్ల మీద ఉంటేనే సరిగా పనిచేస్తుంది. చివరి బెంచీ నుంచి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ రాదు. వైవాను రాతలో నిర్వహించమని అర్జీలో ముందే అడగండి. శుభ్రంగా నోట్సు రాసే ఇద్దరు సహాధ్యాయులను ఎంచుకుని, వారి నోట్సు ఏ రోజుకు ఆ రోజు ఫొటో తీసుకునే ఏర్పాటు చేసుకోండి. ఒక్కరే అయితే మళ్లీ జ్వరం కథే.

నడక కష్టమైనవారికి తరగతిని కిందికి మార్చడమే సగం పరిష్కారం. రెండు పీరియడ్ల మధ్య ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లవలసి వస్తే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినా హాజరు ఇవ్వాలని రాయించుకోండి. కెమిస్ట్రీ ల్యాబులో బల్ల ఎత్తు కుర్చీలో కూర్చున్నవారికి అందదు. ఒక మామూలు బల్ల వేయించడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.

సికిల్ సెల్ ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గినా, చలి తగిలినా నొప్పి మొదలవుతుంది. తరగతిలోనూ పరీక్షలోనూ నీళ్ల సీసా, అవసరమైనప్పుడు బయటికి వెళ్లే అనుమతి, ఆసుపత్రిలో ఉన్న రోజులకు హాజరు సడలింపు అడగాలి. చాలా విశ్వవిద్యాలయాలు 75 శాతం హాజరు అడుగుతాయి. వైద్య కారణాలపై కొంత సడలింపు ఇస్తాయి. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు వెళ్లేవారికీ దారి ఇదే. డిశ్చార్జి కాగితాలను సెమిస్టరు చివరిదాకా దాచి ఒక్కసారి ఇవ్వకుండా, ప్రతిసారీ వచ్చిన వారంలోనే ఆఫీసులో ఇవ్వండి.

మానసిక అనారోగ్యం గురించి అర్జీ రాయడానికి మన దగ్గర ఎవరికీ ధైర్యం చాలదు, తప్పు పట్టను. వివరాలన్నీ అందరికీ చెప్పనక్కర్లేదు. సర్టిఫికెట్‌ను ప్రిన్సిపాల్‌కు మాత్రం ఇచ్చి, గోప్యంగా ఉంచమని అర్జీలోనే కోరవచ్చు. మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ 14416కు తెలుగులోనే ఫోను చేయవచ్చు.

ఐదో అడుగు: పరీక్షలు

ఇక్కడ తొందరపడకుండా చదవండి. మిగతా పొరపాట్లను మరుసటి వారం దిద్దుకోవచ్చు. పోయిన పరీక్ష మళ్లీ రాదు.

కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న రాత పరీక్షల మార్గదర్శకాలు ఇచ్చింది. సహాయ లేఖకుడిని తీసుకున్నవారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా పరిహార సమయం ఇవ్వాలని అందులో ఉంది. మూడు గంటల పేపరుకు ఒక గంట. లేఖకుడిని తీసుకోకుండా సొంతంగా రాసే 40 శాతం పైబడినవారికి కూడా మూడు గంటలకు కనీసం గంట అదనంగా ఇవ్వవచ్చని ఉంది. ఈ రెండో సంగతి చాలామంది ఇన్విజిలేటర్లకు తెలియదు. ‘లేఖకుడు లేడు కదా, సమయం ఎందుకు’ అంటారు. వీలైనంతవరకు కింది అంతస్తులో గది, పెద్ద అక్షరాల లేదా బ్రెయిలీ ప్రశ్నపత్రం, అవసరమైతే కంప్యూటర్ మీద రాసే వీలు, బొమ్మలు చూసి రాయవలసిన ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్నలు కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు వీటిని అనుసరించి తమ సొంత ఉత్తర్వులు ఇస్తాయి. లేఖకుల నిబంధనలు మారుతుంటాయి కూడా, పోటీ పరీక్షలకు కేంద్రం 2025 ఆగస్టులో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది, కాబట్టి మీ విశ్వవిద్యాలయపు తాజా ఉత్తర్వు ప్రతిని పరీక్షల విభాగం నుంచి తీసుకోండి.

లేఖకుడు ఎవరు కావాలి? చూపు లేనివారికి, రెండు చేతులూ పనిచేయనివారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి అడిగితే చాలు. ఇతరులు రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ ఆసుపత్రి ప్రధాన వైద్యాధికారి, సివిల్ సర్జన్ లేదా సూపరింటెండెంట్ నుంచి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ తేవాలి. 2018 మార్గదర్శకాల ప్రకారం సొంతంగా తెచ్చుకునే లేఖకుడి చదువు మీకన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలి. డిగ్రీ విద్యార్థికి ఇంటర్ చదివే పిల్లవాడు సరిపోతాడు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే గానీ, వేర్వేరు పేపర్లకు వేర్వేరు లేఖకులను పెట్టుకోవచ్చు.

40 శాతం లేనివారు నిరాశపడవద్దు. చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే అభ్యర్థికి సివిల్ సర్వీసుల పరీక్షలో లేఖకుణ్ని నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, లేఖకుడి సదుపాయానికి 40 శాతం నియమం పెట్టడం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టు 10న, 40 శాతం లోపు ఉండి రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. అర్జీలో ఈ రెండు తేదీలూ రాయండి.

2021 నవంబరు 23న వచ్చిన ఇంకో తీర్పు నేను ప్రతి బ్యాచికీ చెబుతాను. నీట్ రాసిన అవనీ ప్రకాశ్‌కు రావలసిన అదనపు గంటను పరీక్ష కేంద్రంలో ఇవ్వలేదు, జవాబు పత్రం లాగేసుకున్నారు. జరిగింది అన్యాయమేనని సుప్రీంకోర్టు తేల్చింది, ఏదో ఒక పరిహారం ఆలోచించమని పరీక్షల సంస్థను ఆదేశించింది. మళ్లీ పరీక్ష మాత్రం పెట్టమనలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన అమ్మాయికే ఆ గంట తిరిగి రాలేదు. కాబట్టి అనుమతి ఉత్తర్వు ముందే చేతిలో ఉండాలి. ఫీజు కట్టే రోజునే దరఖాస్తు ఇవ్వండి. హాల్‌టికెట్ రాగానే ఉత్తర్వు ప్రతి తీసుకుని, పరీక్షకు రెండు రోజుల ముందు కేంద్రం చీఫ్ సూపరింటెండెంట్‌ను కలిసి చూపించండి. మీ గది ఏదో, లేఖకుడు కూర్చోవడానికి రెండో కుర్చీ ఉందో లేదో చూసి రండి. మూడు గంటలకు గంట మోగగానే అలవాటు కొద్దీ అటెండర్ పత్రాలు కట్టేస్తాడు. మీ గదికి వేరే ఇన్విజిలేటర్‌ను అడగండి.

లేఖకుడితో సాధన గురించి ఎవరూ రాయరు, అసలు మార్కులు పోయేది అక్కడే. తెలుగు మాధ్యమంలో రాస్తుంటే ఒత్తులు, గుణింతాలు సరిగా వచ్చిన చేయి కావాలి. చేతిరాత బాగున్న ఇంగ్లీషు మీడియం పిల్లవాణ్ని తెచ్చుకుని ‘ప్రత్యక్షము’, ‘స్వాతంత్ర్యోద్యమము’ దగ్గర నిలిచిపోయినవారిని చూశాను. కనీసం మూడు పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని ఇద్దరూ కలిసి రాయండి. వాక్యం మొత్తం చెప్పి ఆగాలా, నాలుగేసి మాటలు చెప్పాలా తేల్చుకోండి. పేరా మారితే ఏమనాలి, కింద గీత గీయమనడానికి ఏ మాట, బ్రాకెట్ ఎక్కడ మూయాలి, ఇవన్నీ ముందే ఒప్పందం చేసుకోండి. లెక్కల్లో ‘ఎక్స్ ప్లస్ టూ బై త్రీ’ అంటే లేఖకుడు రెండు విధాలుగా రాయగలడు. ‘లవం మొత్తం ఎక్స్ ప్లస్ టూ, హారం త్రీ’ అనడం అలవాటు చేసుకోండి. లేఖకుడికి ఆ రోజు జ్వరం వస్తే? మరొకరిని సిద్ధంగా ఉంచి, ఇద్దరి పేర్లూ దరఖాస్తులో ఇవ్వండి. అత్యవసరంలో లేఖకుణ్ని మార్చుకునే వీలు మార్గదర్శకాల్లో ఉంది.

డబ్బు, ప్రయాణం

ఇవి త్వరగా చెబుతాను. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దివ్యాంగులకు పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం ఉంది. వైకల్యం 40 శాతం పైబడి, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకుండా ఉండాలి. ఇంజినీరింగ్, డిప్లొమా విద్యార్థులకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ వారి సక్షమ్ ఉపకార వేతనం కింద ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి, కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు. దరఖాస్తు చేయడంతో పని అయిపోదు. కాలేజీ నోడల్ అధికారి లాగిన్‌లో ధ్రువీకరించాలి. గడువుకు వారం ముందు వెళ్లి గుర్తుచేయండి.

చెవి మిషన్లు, కృత్రిమ కాళ్లు, చక్రాల కుర్చీల వంటివి కేంద్రపు అడిప్ పథకం కింద నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి ఉచితంగా వస్తాయి. లాప్‌టాప్‌లు, మూడు చక్రాల మోటారు వాహనాల కోసం జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయంలో అడగాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పాత అలవాటుతో శ్రీకాకుళం వెళ్లి, మీది మా జిల్లా కాదన్న మాట విని తిరిగి రావద్దు.

ఆర్టీసీ రాయితీ పాసు డిపోలో తీసుకోండి. రైలులో చూపు లేనివారికి, తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వైకల్యం ఉన్నవారికి స్లీపర్, మూడో ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవారికీ ఉంది. రైల్వే ఇచ్చే కార్డు విడిగా తీసుకోవాలి, సదరం చూపిస్తే చాలదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, పట్టణానికి దాదాపు 13 కిలోమీటర్ల దూరంలో. పరీక్ష రోజున రైలును నమ్ముకునేవారు ఆ ఆటో ప్రయాణాన్ని కూడా లెక్కవేసుకోండి.

ఆరో అడుగు: కాదన్నప్పుడు

కాదన్నవారిలో ఎక్కువమంది చెడ్డవారు కారు, తెలియనివారు. చట్టం ప్రతిని, మార్గదర్శకాల పేజీని మర్యాదగా బల్ల మీద పెడితే సగం సమస్యలు అక్కడే తీరతాయి. తీరకపోతే, కాదన్న మాటను రాసి ఇమ్మనండి. రాయడం అనగానే చాలామంది పునరాలోచిస్తారు.

ఆ తర్వాత విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు, పరీక్షల సంగతైతే పరీక్షల విభాగానికి మీ ఇన్‌వర్డ్ నంబరుతో సహా ఫిర్యాదు పంపండి. ప్రభుత్వ సంస్థల్లో 23వ సెక్షన్ ప్రకారం దివ్యాంగుల ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆ అధికారి ఎవరో అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వేస్తారు, సమాధానం చెప్పవలసిన అధికారి ఎవరో తేలుతుంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ‘నా అర్జీపై తీసుకున్న చర్య ఏమిటి’ అని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆపైన దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంటుంది. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. 1987 చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హేళన, ర్యాగింగ్ అయితే అర్జీల దాకా ఆగకుండా వెంటనే 1800-180-5522కు చెప్పండి.

మొదట చెప్పిన కుర్రాడి తరగతి కిందికి మారింది కదా. సెమిస్టరు పరీక్షలు వచ్చేసరికి అతని హాల్‌టికెట్ నంబరు రెండో అంతస్తు గదిలో పడింది. తరగతి మార్చిన ఆఫీసు వేరు, సీటింగు వేసే విభాగం వేరు. పరీక్షకు రెండు రోజుల ముందు గది చూడటానికి వెళ్లాడు కనుక ఆ సంగతి తెలిసింది, ఇంకో అర్జీ పడింది, కింద స్టాఫ్ రూములో బల్ల వేశారు. అప్పటి నుంచి అతను ప్రతి సెమిస్టరు మొదట్లో ఒక ప్రతి ప్రిన్సిపాల్‌కు, ఒకటి పరీక్షల విభాగానికి, ఒకటి ల్యాబు ఇన్‌చార్జికి ఇచ్చి, మూడింటి మీదా ముద్ర వేయించుకునేవాడు.